మధ్య పెడల్ తొక్కినా పై స్వరాలు గణగణమంటున్నాయి – అప్‌రైట్ పియానో మ్యూట్ సర్దడం ఎలా?

కూకట్‌పల్లి_మూడో_అంతస్తు – ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. వాయించేది నేను కాదు, మా పాప. ఐదో తరగతి. రెండేళ్లు కీబోర్డు మీద నేర్చుకున్నాక జూన్‌లో సెకండ్ హ్యాండ్ అప్‌రైట్ పియానో కొన్నాం. జపాన్ సరుకు, మూడు పెడళ్లది. లిఫ్టులో పట్టలేదు. నలుగురు మనుషులు మెట్ల మీదుగా మూడో అంతస్తుకు ఎక్కిస్తుంటే, మోసినవాళ్ల కంటే చూస్తున్న నాకే ఎక్కువ చెమటలు పట్టాయి.

సమస్య ఏమిటంటే, మధ్య పెడల్ తొక్కి ఎడమకు జరిపితే అక్కడే లాక్ అవుతుంది. అప్పుడు శబ్దం తగ్గాలి. ఎడమ చేతి వైపు బాగానే తగ్గుతోంది, దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. కుడి చివరి రెండు ఆక్టేవులు, అంటే పై స్వరాల కీలు, మాత్రం ఎప్పటిలాగే గణగణలాడుతున్నాయి. ఇంకో వింత, మ్యూట్ వేసినప్పుడు నడిమి కీలు కొన్ని మొరాయిస్తున్నాయి. ఒకసారి నొక్కితే మోగుతుంది, వెంటనే మళ్లీ నొక్కితే 'టక్' అని ఊరుకుంటుంది.

కింది ఫ్లాట్‌లో రిటైరైన పెద్దాయన ఉంటారు. 'కొంచెం చూసుకోండి బాబూ' అని ఇప్పటికి రెండుసార్లు అన్నారు. మూడోసారి అనకముందే ఏదో ఒకటి చేయాలి. అమ్మిన షాపువాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. పియానో శ్రుతి చేసే ట్యూనర్‌కు వచ్చే నెల దాకా ఖాళీ లేదట. స్క్రూ డ్రైవర్ పట్టుకోవడం నాకు వచ్చు, అంతవరకే.

కొండాపూర్_కీబోర్డ్ – ఆదివారం, రాత్రి 9:40

అన్నా, అపార్ట్‌మెంట్‌లో అసలు పియానో ఎందుకు? అమ్మేసి డిజిటల్ కొనండి, హెడ్‌ఫోన్స్ పెట్టండి, టెన్షన్ ఉండదు. మనసొప్పకపోతే దీనికే సైలెంట్ సిస్టం పెట్టించండి. యమహా వాళ్లు 1993లోనే తెచ్చారు. కీ నొక్కితే తీగను కొట్టే చిన్న సుత్తి, అదే హామర్, తీగకు తగలకముందే ఒక అడ్డ కడ్డీ దాని కాడను ఆపేస్తుంది, సెన్సర్లు కీల కదలికను పట్టుకుంటాయి, సౌండు హెడ్‌ఫోన్స్‌లో వస్తుంది.

అయినా పగలంతా వాయించుకునే హక్కు మనకుంది. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రంటే పది నుంచి ఆరు వరకు.

మారేడ్‌పల్లి_రిపేరు – సోమవారం, ఉదయం 6:55

కొండాపూర్ తమ్ముడూ, ఆ లెక్కలు కింది ఇంటి పెద్దాయన దగ్గర మాత్రం ఎత్తకు. సైలెంట్ సిస్టం మంచిదే, కానీ పాత పియానోకు బయటి నుంచి బిగిస్తే హామర్ల సర్దుబాటు మొత్తం మార్చాలి. ఇక్కడ అడిగింది మధ్య పెడల్ దించే ఒక గుడ్డ పట్టీ గురించి.

కూకట్‌పల్లి గారూ, ముందు ఏమీ విప్పకుండా ఒక పని చేయండి. మ్యూట్ తీసేసి, మొరాయిస్తున్న కీలనే గబగబా నాలుగైదుసార్లు నొక్కి చూడండి. అప్పుడూ ఇరుక్కుంటే అది వానాకాలం తేమ, కర్ర ఉబ్బింది. మన దగ్గర ఆగస్టులో సగం పియానోలకు ఉండేదే. మ్యూట్ వేసినప్పుడు మాత్రమే ఇరుక్కుంటే కథ వేరు.

ఆ తర్వాత పై మూత ఎత్తండి. ముందు పలకను లోపల రెండు పక్కలా చిన్న గొళ్లేలు పట్టి ఉంచుతాయి, వాటిని తిప్పితే పలక మీ మీదికే వాలుతుంది, రెండు చేతులూ సిద్ధంగా పెట్టుకోండి. కీల కింద, మోకాళ్ల దగ్గరి పలకను పై అంచున ఒక రేకు స్ప్రింగు పట్టుకుని ఉంటుంది, దాన్ని పైకి నొక్కితే ఊడి వస్తుంది. టార్చ్ వేసి ఫొటోలు తీసి పెట్టండి. ఏ నట్టూ తిప్పకండి.

చిక్కడపల్లి_వయొలిన్ – సోమవారం, ఉదయం 8:20

నాకు పియానో తెలియదు, ఊరికే చదువుతున్నాను. మా వయొలిన్‌కు గుర్రం (తీగల్ని ఎత్తి పట్టే చిన్న చెక్క) మీద రబ్బరు ముక్క తగిలిస్తే చాలు, పక్క గదిలోకి కూడా వినపడదు. మీకు ఇన్ని నట్లూ స్ప్రింగులూ ఉన్నాయని ఇప్పుడే తెలిసింది.

కూకట్‌పల్లి_మూడో_అంతస్తు – సోమవారం, రాత్రి 10:05

చూశానండీ. మ్యూట్ తీసేస్తే ఏ కీ ఇరుక్కోవడం లేదు. వేస్తేనే.

ముందు పలక తీయగానే పాప 'నాన్నా, లోపల ఇంకో పియానో ఉంది' అంది. హామర్లకూ తీగలకూ నడుమ, పైన ఒక ఇనుప పట్టీ అడ్డంగా ఉంది. దానికి పరదాలాగా ఫెల్ట్, అదే ఒత్తి చేసిన ఉన్ని గుడ్డ, వేలాడుతోంది. పెడల్ తొక్కితే పరదా కిందికి దిగుతుంది. హామర్లు దాని మీద కొడతాయి, దెబ్బ దానిలోంచే తీగకు తగులుతుంది. నేను ఇన్నాళ్లూ మధ్య పెడల్ తీగల్ని పట్టుకుంటుందేమో అనుకున్నాను.

ఫొటోలు పెట్టాను. మూడో ఫొటో చూడండి. ఫెల్ట్ మొత్తం పాత ఆకుపచ్చ, నడుమ మాత్రం మూరెడు పొడవున తెల్లటి ఫెల్ట్ ఇంకో పొర అతికించి ఉంది. కుడి చివర పట్టీని పట్టుకున్న బ్రాకెట్‌లో స్క్రూ ఒకటి వదులై, ఆ చివర కొంచెం పైకి లేచి ఉంది.

మారేడ్‌పల్లి_రిపేరు – సోమవారం, రాత్రి 10:48

దొంగ దొరికాడు. ఒకడు కాదు, ఇద్దరు.

కుడి చివర ముందు చెబుతాను, అది తేలిక. బ్రాకెట్‌లో స్క్రూ పట్టే రంధ్రం గుండ్రంగా ఉండదు, నిలువు గాడిలా ఉంటుంది, పట్టీని పైకీ కిందికీ జరుపుకోవడానికే. మీది వదులై జారింది. మ్యూట్ వేసి, కుడి చివరి కీని వేలితో మెల్లగా, హామర్ తీగ దగ్గరికి వచ్చేదాకా నొక్కి పక్క నుంచి చూడండి. హామర్ ముక్కు ఫెల్ట్ అడుగు అంచు కింది నుంచి దూరిపోతూ ఉంటుంది. అందుకే ఆ గణగణ. హామర్ తగిలే చోటు ఫెల్ట్ అంచుకు ఒక సెంటీమీటరైనా పైన ఉండాలి, అంచు మీదే తగిలితే నాలుగు నెలల్లో ఫెల్ట్ పీలికలైపోతుంది. స్క్రూ వదులు చేసి ఆ చివర కిందికి దింపి బిగించండి. తర్వాత పెడల్ వదిలేసి, పరదా మొత్తం పైకి లేచి హామర్ల తలలకు అందకుండా ఉందో లేదో కూడా చూడాలి. కిందికి చూసి పైకి చూడడం మరిచిపోతారు చాలామంది.

ఇక నడిమి తెల్ల పొర. కీ నొక్కినప్పుడు జాక్ అనే చిన్న కొయ్య హామర్‌ను తోస్తుంది. కానీ తీగ దాకా తోయదు. తీగకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో పక్కకు తప్పుకుంటుంది. మిగతా దూరం హామర్ తన ఊపుతోనే వెళ్లి కొట్టి వెనక్కి వస్తుంది. అలా తప్పుకోకపోతే హామర్ తీగకే అతుక్కుని ఉంటుంది, స్వరం పలకదు. దీన్నే మేము లెట్ ఆఫ్ అంటాం. మ్యూట్ ఫెల్ట్ పల్చగా ఎందుకుంటుందో ఇప్పుడు ఆలోచించండి. రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటే, జాక్ తప్పుకున్నాకే హామర్ ఫెల్ట్‌ను తాకుతుంది. మీ నడుమ రెండు పొరలు. జాక్ ఇంకా తోస్తుండగానే హామర్ ఫెల్ట్‌కు తగిలి, ముందు ఫెల్టూ వెనక జాకూ నడుమ నలిగిపోతోంది. ఆ 'టక్' అదే.

ఎవరు అతికించారో గానీ, అడుగున ఫెల్ట్ చిరిగి ఉంటుంది. చిరుగు మీద అతుకు వేశారు.

సైనిక్‌పురి_టీచర్ – మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఇంత బాగా చెప్పినందుకు మారేడ్‌పల్లి గారికి దండం. పదిహేనేళ్లుగా నేర్పుతున్నాను, జాక్ సంగతి ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. ఒకటి కలుపుతాను, ఎడమ పెడల్‌ను దీంతో కలిపేయకండి. అప్‌రైట్‌లో ఎడమ పెడల్ హామర్లను తీగలకు దగ్గరగా జరుపుతుంది, పరుగు దూరం తగ్గి దెబ్బ మెత్తబడుతుంది. తీగలు పడుకోబెట్టి ఉండే పెద్ద గ్రాండ్ పియానోలో మధ్య పెడల్ ఉన్నా అది మ్యూట్ కాదు, అప్పటికి నొక్కి ఉన్న స్వరాలను మాత్రమే పట్టి ఉంచేది. పరీక్ష హాల్లో గ్రాండ్ ముందు కూర్చుని, శబ్దం తగ్గుతుందేమో అని మధ్య పెడల్ తొక్కిన పిల్లల్ని చూశాను.

కూకట్‌పల్లి_మూడో_అంతస్తు – బుధవారం, రాత్రి 9:50

కుడి చివర సరిపోయింది! స్క్రూ అర మలుపు వదిలి, పట్టీని దింపి బిగించాను. చివరి ఆక్టేవులు కూడా దుప్పట్లోకి వెళ్లాయి.

తెల్ల పొర మెల్లగా లాగితే వచ్చేసింది, రెండు వైపులా అంటుకునే టేపుతో వేశారు. మీరన్నట్టే అడుగున చిల్లులు. వెనక నుంచి టార్చ్ కొడితే వెలుతురు వస్తోంది. పాప ఒక్కొక్క గాడినీ లెక్కపెట్టింది, పద్నాలుగు చోట్ల ఫెల్ట్ అరిగి దారాలు కనిపిస్తున్నాయి. అన్నీ నడుమనే, పిల్లలు ఎప్పుడూ వాయించే చోట. కీలు ఇరుక్కోవడం పూర్తిగా పోయింది, కానీ ఆ పద్నాలుగూ గట్టిగా మోగుతున్నాయి.

ఇక ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం. పరదా ఇంకొంచెం కిందికి దిగితే అరగని చోట హామర్ తగులుతుంది కదా అని, కింద పెడల్ దగ్గర కడ్డీ మీదున్న నట్టు నాలుగు మలుపులు బిగించాను. ఇప్పుడు మ్యూట్ తీసేసినా పియానో మొత్తం జలుబు చేసినట్టు పాడుతోంది. పాప ఏడుపు మొహం పెట్టింది. ఏం చేశానో చెప్పండి ప్లీజ్.

మారేడ్‌పల్లి_రిపేరు – బుధవారం, రాత్రి 10:02

తిప్పకండి అన్నది అందుకే. కంగారేం లేదు, ఏమీ విరగలేదు.

పెడల్ కదలిక కింది మీట నుంచి నిలువు కర్రకు, కర్ర నుంచి పైనున్న పట్టీకి పోతుంది. ఆ నట్టు బిగిస్తే పెడల్ తొక్కకముందే ఈ గొలుసు మొత్తం సగం లాగి ఉంటుంది. స్ప్రింగు పరదాను పూర్తిగా పైకి ఎత్తలేదు. ఫెల్ట్ అడుగు అంచు హామర్లకు అడ్డం వస్తోంది, అదే జలుబు. ఆ నాలుగు మలుపులూ వెనక్కి తిప్పండి. ఆపైన కాలితో పెడల్‌ను మెల్లగా తాకండి. పరదా కదలడానికి ముందు పెడల్ కొద్దిగా, మూడు నాలుగు మిల్లీమీటర్లు, ఊరికే దిగాలి. ఆ ఖాళీ ఉంటేనే వదిలినప్పుడు మొత్తం పైకి లేస్తుంది. ఎత్తు పైన బ్రాకెట్‌లో సరిచేసుకోవాలి, పెడల్ దగ్గరి నట్టు ఈ ఖాళీ కోసమే.

కూకట్‌పల్లి_మూడో_అంతస్తు – బుధవారం, రాత్రి 10:31

తిప్పాను. జలుబు తగ్గింది. పడుకుంటాం.

తిరుమలగిరి_పాతబంగ్లా – గురువారం, ఉదయం 7:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా ఇంట్లో తాతగారి కాలం నాటి ఇంగ్లిష్ పియానో ఉంది, రెండే పెడళ్లు. ముందు పలక తీస్తే హామర్లకు అడ్డంగా తీగలతో పక్షి పంజరంలా ఉంటుంది. దానికి ఇలాంటి పరదా కట్టించుకోవచ్చా?

మారేడ్‌పల్లి_రిపేరు – గురువారం, ఉదయం 7:40

వద్దండీ. అందులో డ్యాంపర్లు (కీ వదలగానే తీగ మోతను ఆపే మెత్తలు) హామర్లకు పైన ఉంటాయి, మీరు పరదా వేలాడదీయాలనుకున్న చోటే. జాగా లేదు. దాన్ని పగటిపూట హాయిగా వాయించుకోండి.

కొండాపూర్_కీబోర్డ్ – గురువారం, ఉదయం 11:05

కొత్త ఫెల్ట్ ఎక్కడ దొరుకుతుంది? స్టేషనరీ షాపుల్లో స్కూలు ప్రాజెక్టుల కోసం రంగురంగుల ఫెల్ట్ షీట్లు అమ్ముతారు కదా, కోఠిలో బోలెడు.

మారేడ్‌పల్లి_రిపేరు – గురువారం, మధ్యాహ్నం 12:20

అవి ప్లాస్టిక్ దారాలవి, ఉన్ని కాదు. కొన్ని వారాలకే నునుపెక్కి రేకులా గట్టిపడతాయి. ఉన్ని ఫెల్టే కావాలి, పల్చనిది. పియానో విడిభాగాలు అమ్మేవాళ్ల దగ్గర మ్యూట్ కోసమే కోసిన పట్టీ అని అడగండి, పొడవు కొలిచి చెప్పండి.

నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఒకాయన తొందరపెడితే, ఉన్నే కదా అని గొంగడి ముక్క కోసి కట్టాను. దక్కనీ గొర్రె ఉన్ని ఎంత బరుకో మీకు తెలుసు. మందం ఎక్కువై కీలన్నీ ఇరుక్కున్నాయి, అది ఒక ఎత్తు. వారం తిరక్కుండా నల్లటి వెంట్రుకలు హామర్ల సందుల్లో చేరాయి. ట్వీజర్‌తో రెండు మధ్యాహ్నాలు ఏరాను. గొంగడి చలికి, వానకు. పియానోకు కాదు.

కొత్తది వచ్చేదాకా, నూలు పంచె ముక్క పాతది, బాగా ఉతికి మెత్తబడింది, రెండు మడతలు వేసి చిరిగిన మేర పట్టీ మీదుగా వేలాడదీసి పైన క్లిప్పులు పెట్టండి. అది ఫెల్ట్ అంత మందం ఉండదు, కీలు ఇరుక్కోవు. పరదా పైకి లేచినప్పుడు పంచె కూడా లేస్తోందో లేదో చూసుకోండి.

ఫెల్ట్ మార్చేటప్పుడు జిగురు పై అంచుకే రాయాలి, హామర్ తగిలే చోటికి ఒక్క చుక్క కూడా దిగకూడదు. ఎండిన జిగురు రాయిలాంటిది, ఆ స్వరం ఒక్కటే డబ్బా కొట్టినట్టు వస్తుంది.

కింది_ఫ్లాట్_నుంచి – గురువారం, రాత్రి 8:45

నేను మీ కింది ఫ్లాట్ ఆయన్ని కాదు, మియాపూర్‌లో ఇంకో పియానో కింద ఉండేవాణ్ని. ఇంతసేపూ పైనుంచి మాట్లాడుతున్నారు, కింద ఏం వినిపిస్తుందో కూడా వినండి. మ్యూట్ వేశాక నాకు పాట వినపడదు. టకటక వినిపిస్తుంది. కీలు అడుగున తగిలే చప్పుడు, పెడల్ తొక్కిన దబ్బు, అన్నిటికన్నా స్టూలు ఈడ్చడం. స్లాబులోంచి నేరుగా మా మంచం మీద పడుతుంది. పాటైతే నయం, అది ఎప్పుడు అయిపోతుందో తెలుస్తుంది.

సైనిక్‌పురి_టీచర్ – గురువారం, రాత్రి 9:30

ఈ మాట నిజం. ఫెల్ట్ తీగల సంగతి చూసుకుంటుంది గానీ నేలను ఏం చేయగలదు? పియానో చక్రాల కింద మందపాటి రబ్బరు పెట్టి, దాని కింద కార్పెట్ వేస్తే కొంత మేలు. స్టూలు కాళ్లకూ రబ్బరు టోపీలు. అప్‌రైట్‌కు సౌండ్ బోర్డు (తీగల మోతను పెద్దది చేసే చెక్క పలక) వీపు వైపు ఉంటుంది, గోడకు అంటించి పెట్టి ఉంటే జానెడు ఇవతలికి జరపండి, అది పక్కింటివాళ్లకు ఉమ్మడి గోడ అయితే మరీ.

ఇంకో మాట, టీచర్‌గా. రోజంతా మ్యూట్ మీదే వాయించనివ్వకండి. ఫెల్ట్ మీద ఎంత గట్టిగా కొట్టినా ఒకేలా వినిపిస్తుంది కాబట్టి పిల్లలు వేళ్లతో కొట్టడం అలవాటు చేసుకుంటారు. క్లాసుకు వచ్చి మామూలు పియానో ముందు కూర్చోగానే ఇల్లెగిరిపోతుంది. స్కేళ్లు, వేళ్ల కసరత్తులు మ్యూట్ మీద. పాటను రోజుకు పావుగంటైనా విప్పి వాయించాలి.

మారేడ్‌పల్లి_రిపేరు – గురువారం, రాత్రి 9:52

టీచర్ గారితో ఒక్క విషయంలో తగాదా. మ్యూట్ ఎక్కువ వాడితే ఫెల్ట్ అరుగుతుంది గానీ హామర్లు తక్కువ అరుగుతాయి. ఫెల్ట్ పట్టీ ఖర్చు వందల్లో, హామర్లు మార్చాలంటే వేలల్లో. నా జేబు మ్యూట్ వైపే ఓటేస్తుంది.

సైనిక్‌పురి_టీచర్ – గురువారం, రాత్రి 9:58

మీ జేబు మీది, పాప చెవి నాది.

కూకట్‌పల్లి_మూడో_అంతస్తు – శనివారం, సాయంత్రం 7:20

మా నాన్న పంచె బలైంది. ఆయన ఊరు నుంచి వచ్చి ఉన్నారు. 'ఒక్క పాతది ఇవ్వండి' అంటే కారణం అడిగి, పియానో లోపల వేలాడుతున్న దాన్ని చూసి, 'దీనికి కూడా పెళ్లి చేస్తున్నావా' అన్నారు. పని మాత్రం బాగా చేస్తోంది. పద్నాలుగు స్వరాలూ తగ్గాయి, కీలు ఇరుక్కోవడం లేదు. ఉన్ని ఫెల్ట్ ఆర్డర్ పెట్టాను.

కింది పెద్దాయన్ని నేనే వెళ్లి అడిగాను. స్టూలే. రాత్రి తొమ్మిదింటికి పాప లేచేటప్పుడు ఈడుస్తుందట, ఆయనకు అప్పుడే నిద్ర పడుతుందట. రబ్బరు టోపీలు వేశాను. సాయంత్రం ఆరు నుంచి ఆరుంపావు దాకా మ్యూట్ తీసి వాయిస్తామంటే సరేనన్నారు. నచ్చుతుందని అనలేదు, సరేనన్నారు.

ఒక్కటి మిగిలింది. మధ్య పెడల్ తొక్కినప్పుడల్లా 'కిర్ర్' అంటోంది. ఇంట్లో కొబ్బరినూనె పోయమంటున్నారు.

మారేడ్‌పల్లి_రిపేరు – శనివారం, సాయంత్రం 7:41

నూనె చుక్క కూడా వద్దు! కొబ్బరినూనె కర్రలోకి ఇంకి, దుమ్ము పట్టి, చలికాలం గడ్డకడుతుంది. కింది పలక తీసి, మీటను చేత్తో కదుపుతూ ఎక్కడ కిర్రుమంటోందో చెవి పెట్టి వినండి. ఎక్కువసార్లు నిలువు కర్ర మీటలో కూర్చునే చోటే. అక్కడ కర్ర మొనకు కొవ్వొత్తి రుద్దండి. స్ప్రింగు ఆనే చోట పెన్సిల్ ముల్లు రాయండి, చాలు.

ట్యూనర్ వచ్చినప్పుడు కొత్త ఫెల్ట్ వేశాకే, మ్యూట్ దించి ఉంచి, నడిమి కీల లెట్ ఆఫ్ చూడమనండి. లేకపోతే మ్యూట్ లేకుండా చూసి బాగానే ఉందని వెళ్లిపోతారు.

కూకట్‌పల్లి_మూడో_అంతస్తు – శనివారం, రాత్రి 8:15

కొవ్వొత్తి పని చేసింది. పాప పుట్టినరోజు కేక్ మీది కొవ్వొత్తి, నంబర్ 9ది, డ్రాయర్‌లో మిగిలి ఉంది.